లూజు వదలని ర్యాకు

పొద్దున్నే ఆ ఇంట్లో రెండు చప్పుళ్లు మొదలవుతాయి. ముందుగదిలో కిటికీ పక్కన దర్జమ్మ కుట్టుమిషను టకటకమంటుంది. వెనకగదిలో లెక్కల మాస్టారు కంప్యూటరు ముందు కూర్చుని, ఎక్కడెక్కడో ఉన్న పిల్లలకి భిన్నాలు నేర్పుతూ గొంతు చించుకుంటాడు. మిషను ఆగితే గొంతు వినపడుతుంది, గొంతు ఆగితే మిషను వినపడుతుంది. రెండూ ఆగాయంటే మొగుడూ పెళ్లాం మాట్లాడుకుంటున్నారని కాదు, కరెంటు పోయిందని అర్థం.

మాస్టారి చూపు సంగతి ఆ వీధిలో అందరికీ తెలిసిందే. ఆయన దేన్నైనా ఇష్టంగా చూస్తే అది పొడుగవుతుంది. అన్నీ కాదు లెండి. జుట్టు, తోక, తీగ, తాడు, అలా సాగే గుణం ఉన్నవే. గోడ మీదికి పాదు పాకకపోతే పక్కింటివాళ్లు "మాస్టారూ, వెళుతూ వెళుతూ దీన్నోసారి చూసిపోండి" అంటారు, నిచ్చెన అరువడిగినంత మామూలుగా.

పెళ్లయిన కొత్తలో ఆ చూపంతా పెళ్లాం మీదే. అప్పుడు దర్జమ్మ జుట్టు ఎంత పెరిగిందంటే, తలంటుకుని ఆరబెట్టుకోవడానికి మూడిళ్ల దండేలు చాలేవి కావు. ఆవిడ వీధి చివరి కొట్టుకి చేరినా జడ కొస ఇంకా వంటింట్లోనే ఉండేది. ఏదైనా తెమ్మని చెప్పడం మర్చిపోతే మాస్టారు ఇంట్లోంచి ఆ కొస పట్టుకుని రెండుసార్లు లాగేవాడు, ఆవిడ వెనక్కి వచ్చేది. ఇదంతా కొంచెం తగ్గించే చెబుతున్నాను.

ఇప్పుడా జడ చిటికెనవేలంత. పెరుగుతున్నవి వైర్లు.

పాఠాలు చెప్పడం మొదలుపెట్టాక మాస్టారికి ఆ వెనకగదే లోకమైపోయింది. మూలనున్న బల్ల మీద ఇంటర్నెట్ వచ్చే మోడెం, దాన్ని నాలుగు దిక్కులకీ పంచే స్విచ్, పాఠాలు దాచుకునే డబ్బా, కరెంటు పోతే ఆదుకునే బ్యాటరీ. వాటి పచ్చదీపాలు మిణుకుమిణుకుమంటుంటే ఆయన చంటిపిల్లల్ని చూసినట్టు చూసేవాడు. చూసిన కొద్దీ వైర్లు సాగాయి. బల్ల దిగాయి, మంచం కిందికి దూరాయి, ఒకటైతే మెట్లు కూడా దిగి వీధిలోకి పోయింది. ఇస్త్రీ బండివాడు దాని మీద చొక్కాలు ఆరేసుకుని "మీదేనా అమ్మా? గట్టి రకం" అని మెచ్చుకున్నాడు.

ఒకరోజు దర్జమ్మ, అంచు కుట్టిన గౌను చేతిలో పట్టుకుని వస్తూ, వైరు కాలికి చుట్టుకుని బోర్లా పడింది. గౌను చిరిగింది. లోపల పాఠం తెగింది.

"అయ్యో, లైను పోయిందే!" అంటూ మాస్టారు పరుగున వచ్చాడు. పెళ్లాన్ని దాటుకుని వెళ్లి వైరు తడిమి చూశాడు.

దర్జమ్మ నేల మీద నుంచే అంది: "దానికేమైనా దెబ్బ తగిలిందేమో చూడండి, పాపం. మందు రాద్దాం."

ఆ మాట కొంచెం ఆలస్యంగా తగిలినట్టుంది ఆయనకి. లేవదీసి, దుమ్ము దులిపి, "వీటన్నిటికీ ఒక ర్యాకు కొనేద్దామే. గోడకి తగిలించే చిన్న బీరువా లాంటిది. అన్నీ అందులో సర్దేసి తలుపేస్తే నీ కాళ్లకి అడ్డం రావు" అన్నాడు.

ఇంతవరకూ బాగానే ఉంది. కానీ ఆ రోజు నుంచి మాస్టారు ఫోనులో ర్యాకుల బొమ్మలు చూడటం మొదలుపెట్టాడు. అన్నం ముందు అవే, మంచం మీదా అవే.

"ఇది చూడు, ఎంత నాజూగ్గా ఉందో. పొట్టిదే కానీ కట్టు బాగుంది. పక్కనించి చూస్తే ఇంకా బాగుంది."

"పెళ్లిసంబంధం చూస్తున్నారా, డబ్బా కొంటున్నారా?"

"ఇంట్లో పెట్టుకునేదే, చూసుకోవద్దూ? ఎక్కువ చప్పుడు చెయ్యకూడదు, తొందరగా వేడెక్కకూడదు."

"నేను రెండూ చేస్తాను కాబట్టి చెబుతున్నారా?" అని ఆవిడ అటు తిరిగి పడుకుంది. ఇనప డబ్బాని చూసి ఒళ్లు మండించుకున్న ఆడది లోకంలో ఈవిడొక్కతే అయ్యుంటుంది.

అసలు కథ కొట్లో మొదలైంది. ఇద్దరూ కలిసే వెళ్లారు. కౌంటరు దగ్గరున్న అమ్మాయి సరదా మనిషి, మాట చురుకు. జుట్టు మెడ దాకా ఉంది, అంతే. "రండి సార్, రండి ఆంటీ" అంది. ఆ 'ఆంటీ' దగ్గరే సగం చెడింది.

"ఇంటికైతే చిన్నది చాలు సార్. వెడల్పు అన్నిటికీ ఒకటే, మారేది ఎత్తూ లోతూ. ఈ అరల్ని 'యూ' అని లెక్కపెడతాం. నాలుగు యూ, ఆరు యూ, తొమ్మిది యూ. ఒక్కో యూ బొటనవేలంత ఎత్తు. తలుపు అద్దందా, జాలీదా మీ ఇష్టం. అద్దమైతే అందం, జాలీ అయితే గాలి."

మాస్టారు ఒక్కో ర్యాకు ముందూ గొంతుక్కూచుని, తలుపు తీసి, తల దూర్చి, తట్టి, నిట్టూర్చి ముందుకు జరిగాడు. ఆ అమ్మాయి పక్కనే నిలబడి చెబుతూ పోయింది. దర్జమ్మకి స్టూలు వేశారు. ఆవిడ ర్యాకుల వంక చూడలేదు. ఆ అమ్మాయి నవ్వితే కదిలే జుట్టునే కన్నార్పకుండా చూస్తూ కూర్చుంది.

ఏదీ తేలక ఇంటికొచ్చారు. మళ్లీ వారం వెళ్లేసరికి ఆ అమ్మాయి జుట్టు నడుము దాకా ఉంది. జడ వేసుకుంది. ఆ జడ నల్లగా నిగనిగలాడుతూ, తలుపు తీసినప్పుడల్లా ర్యాకుల మీద పడుతోంది.

దర్జమ్మ మెడలో కొలతటేపు ఎప్పుడూ వేలాడుతూనే ఉంటుంది. అది ఆవిడ చేతిలో పాములా మెలికలు తిరిగింది. ఇంటికొచ్చి చెప్పులు విడవకుండానే అందుకుంది.

"ఎన్నాళ్ల నుంచి?"

"ఏది?"

"ఆ పిల్ల జడ! మెడ దాకా ఉన్నది వారంలో నడుముకొచ్చింది. వీధిలో ఇంకెవరి చూపుకుంది ఆ గుణం?"

"నీ మీదొట్టు, నేను ర్యాకులు తప్ప ఇంకేం చూడలేదే."

"నా మీదెందుకు ఒట్టు? ఆ నాలుగు యూ మీద వెయ్యండి, నమ్ముతాను."

అదే సమయానికి ఆడపడుచు పాత గౌను వదులు చేయించుకోవడానికి వచ్చింది. సంగతంతా విని, కుర్చీ లాక్కుని, ప్రాణం లేచొచ్చినదానిలా కూర్చుంది.

"అన్నయ్య చూపు మంచిదే వదినా. కాకపోతే అటూ ఇటూ జారుతుంది. నీ జడ చూస్తే తెలియడంలా? నేను నిన్న గమనించా, దానికి రిబ్బను కట్టే చోటు కూడా లేదు."

"నీ గౌను వదులు చెయ్యమన్నావు కదూ? ఇంకాస్త బిగించి ఇస్తాను, ఆగు."

"నా మీద ఎందుకు? నేనేం పెరిగానా?"

"పెరిగావు కాబట్టే కదా వదులు చేయించుకోవడానికొచ్చావు!"

ఆడపడుచు వెళ్లాక దర్జమ్మ తేల్చేసింది. "ఇంకొక్కసారి ఆ జడ వేలెడు పెరిగినట్టు నా కంటపడితే, మిషను తీసుకుని మా అక్క ఇంటికి పోతాను. తిరిగి రాను. మీరూ మీ డబ్బాలూ ఊళ్లేలుకోండి."

ఆవిడ ఉత్తినే అనే మనిషి కాదు. ఆ సాయంత్రమే అక్కకి ఫోను చేసి, కిటికీ పక్కన మిషను పట్టే చోటు ఉందో లేదో కనుక్కుంది. ఉందట. మాస్టారు గుమ్మంలో నిలబడి ఆ మాట విన్నాడు. ఆ రాత్రి అన్నం సగంలోనే లేచిపోయాడు.

ఇక కొట్టుకి వెళ్లే అవసరమే లేకుండా చెయ్యాలని దర్జమ్మే కొలతలు తీసింది. వాళ్లనీ వీళ్లనీ కొలిచి బట్టలు కుట్టే మనిషి. ఒంటి కొలత మీద ఊపిరి తీసుకోవడానికి, చెయ్యి ఎత్తడానికి లూజు వదలాలని నిద్దట్లో లేపి అడిగినా చెబుతుంది. కానీ ఆ డబ్బాలకి ఊపిరెందుకు, ఆ వైర్లకి సుఖమెందుకు? మోడెంనీ స్విచ్‌నీ పాఠాల డబ్బానీ అంచు నుంచి అంచుకి, ఒంటికంటుకునేలా కొలిచింది. దారం మందం కూడా ఎక్కువ పెట్టలేదు. "ఉన్నవాటిలోకల్లా పొట్టిది, లోతు తక్కువది పంపించెయ్యండి" అని ఫోనులో చెప్పేసింది.

వచ్చింది. గోడకి బిగించారు. డబ్బాలు అందులోకి సరిగ్గా దూరాయి, చేతికి గాజు ఎక్కినట్టు. అప్పుడు మాస్టారు వెనక వైర్లు గుచ్చబోయాడు. వైరు గుచ్చాక అది కాస్త బయటికి వచ్చి వంగి కిందికి దిగాలి కదా. వంగడానికి చోటేది? ఇటు నొక్కితే అటు తన్నింది. డబ్బా ముందుకు జరిగితే తలుపు పడదు, తలుపు వేస్తే వైరు మెడ విరుగుతుంది. ఇంతలో బ్యాటరీకి అసలు అరే లేదని తేలింది.

మాస్టారు కొలతలు రాసిన కాగితమూ చూడలేదు, ఎందుకిలా కొలిచావనీ అనలేదు. "మార్చుకు రావాలి. నేను వెళ్లొస్తాను" అన్నాడు నెమ్మదిగా.

"మీరా? కూర్చోండి. నేనే వెళతాను, ఒక్కదాన్నే."

కొట్లో ఆ అమ్మాయి కౌంటరు వెనక నిలబడి ఉంది. జడ నడుము దాకానే ఉంది, ఆ రోజు ఉన్నంతే. దర్జమ్మ స్టూలు లాక్కుని కూర్చుంది. ఈ పిల్లలో ఏముంది? ఆ ముక్కు నాకు లేదా? ఆ నవ్వు నేను నవ్వలేనా? ఆ జడ, ఆ జడే కదా ఒకప్పుడు నాది! అలా చూస్తూ ఉండగానే జడ కౌంటరు అంచు దాటింది. మోకాళ్లకి దిగింది. నేల తాకి, చుట్ట చుట్టుకుని, దర్జమ్మ చెప్పుల దగ్గరికొచ్చి ఆగింది.

మాస్టారు అక్కడ లేడు. నాలుగు వీధుల అవతల భిన్నాలు చెబుతున్నాడు.

"మీరొస్తే చాలు ఆంటీ, ఇలా అవుతుంది!" ఆ అమ్మాయి ముఖం మతాబాలా వెలిగింది. "చిన్నప్పట్నుంచీ నా జుట్టు మెడ దాటలేదు. మొన్న సార్ ఒక్కరే వచ్చారు, ర్యాకుకి ఫ్యాను పెట్టాలా అక్కర్లేదా అడగడానికి. ఒక్క వెంట్రుక కదల్లేదు. పైగా 'కాస్త పక్కకి జరుగమ్మా, డబ్బా కనపడటం లేదు' అన్నారు."

ఇన్నేళ్లు ఒకే కప్పు కింద ఉంటే ఆవులింతే అంటుకుంటుంది, చూపు అంటుకోదా? అంటుకుంది. ఆవిడే ఎరగదు. ఎరగకపోవడానికి కారణం కూడా అక్కడే, ఆ స్టూలు మీదే తట్టింది: ఇంతకాలం ఇంట్లో తను కళ్లెత్తి దేన్నీ అంతసేపు చూసింది లేదు. సూది, గుడ్డ, గుడ్డ, సూది.

"ఏది అమ్మా, ఆ ఆరు యూ చూపించు" అంది చివరికి. "లోతు ఎక్కువున్నది."

ఈసారి కొట్టులోనే ఒక మోడెంని తెప్పించి, వైరు గుచ్చి, మోచెయ్యి మడిపించి చేతికొలత తీసినట్టు ఆ వంపుతో సహా కొలిచింది. పైన నాలుగు వేళ్ల లూజు వదిలింది. గాలాడాలని జాలీ తలుపే తీసుకుంది.

మధ్యాహ్నానికి కొత్త ర్యాకు గోడెక్కింది. మాస్టారు ముక్కాలిపీట మీద కూర్చుని ఒక్కో డబ్బా లోపలికి తోస్తుంటే దర్జమ్మ వైర్లు అందిస్తోంది. ఆయన ఏమీ అడగలేదు. అడిగితే మిషను మాట వస్తుందని భయం కాబోలు. అప్పుడు ఆవిడ ఆయన్ని చూసింది. తలెత్తి, తీరిగ్గా, కొట్లో ఆ జడని చూసినంత ఇదిగా.

"ఏమండీ, మీ జుట్టేదీ?"

మాస్టారు నున్నటి తల తడుముకున్నాడు. "పోయి చాలా ఏళ్లయిందే."

"నాకు చెప్పలేదేం?"

"అడుగుతావేమోనని చూశాను."

దర్జమ్మ చేతిలో పచ్చ వైరు అలాగే పట్టుకుని నిలబడిపోయింది.

"అలా చూస్తున్నావేమిటి? ఆ వైరు ఇటివ్వు."

"మీ పని మీరు చూసుకోండి. కదలకండి."

ఆయన వైరు గుచ్చాడు. మొదటి దీపం వెలిగింది. ఆయన నెత్తి మీద ఒక వెంట్రుక మొలిచింది. రెండో దీపానికి గుప్పెడు, మూడో దీపానికి చెవుల దాకా. ఎప్పుడొచ్చిందో ఆడపడుచు గుమ్మంలో నిలబడి "అన్నయ్యా, క్షవరం ఎప్పుడు చేయించుకుంటావు?" అని మామూలుగా అడిగి, గౌను తీసుకుని వెళ్లిపోయింది.

ఆఖరి వైరు దగ్గరికొచ్చేసరికి జుట్టంతా కళ్ల మీద పడి మాస్టారు ఆగిపోయాడు. రెండు చేతులూ ర్యాకులో ఇరుక్కుని ఉన్నాయి.

"ఏమే, నాకేం కనపడటం లేదు. కాస్త పక్కకి తియ్యి."

ఆవిడ వైరు కింద పెట్టి, ర్యాకుకీ ఆయనకీ మధ్య దూరి, రెండు చేతులతో ఆ జుట్టు పాయ తీసి చెవుల వెనక్కి దోపింది. మాస్టారు కళ్లు తెరిచేసరికి ఎదురుగా డబ్బాలు కనపడలేదు. ఆవిడే ఉంది. పక్కకి జరగమని ఆయనా అనలేదు, ఆవిడా జరగలేదు.