కావలి వంతు

కిష్టారం దాటాక ఒక చిన్న ఊరు. ఆ ఊరి వెనక బోడిగా మారిన గుట్టను మళ్ళీ అడవి చేద్దామని అందరినీ ఒప్పించింది లక్ష్మణే. గొడ్డలి పెట్టొద్దు, పశువుల్ని తోలొద్దు, ఇంటికొకరు వంతులవారీగా కావలి కాయాలి అని గడప గడపకూ తిరిగి చెప్పాడు. నరికేసిన ఇప్ప, తునికి మోళ్ళు వాటంతటవే పిలకలు వేశాయి. రెండేళ్ళు తిరిగేసరికి నడుమెత్తు పెరిగాయి. గుట్టను కాపాడే సమితికి అతన్నే పెద్దను చేశారు.

ఒక శుక్రవారం కావలి వంతు అతనిదే. సంతకు పోయి గంటలో వచ్చేద్దామనుకున్నాడు. అక్కడ తెలిసినవాళ్ళు ఇప్పసారా దగ్గర కూర్చోబెట్టారు. సాయంత్రం తిరిగొచ్చేసరికి గుట్ట కింది భాగమంతా మేసేసి ఉంది. తడి నేల మీద ఎడ్ల గిట్టల గుర్తులు. ఒక గిట్ట అంచు విరిగి ఉంది. అది తన ఎద్దే. లక్ష్మణ్ అటూ ఇటూ చూసి, గుర్తులను కాలితో చెరిపేశాడు.

మర్నాడు ఊరు కూడింది. గుట్టకు ఆనుకొని ఉన్నది సోమ్లీ గుడిసె. ఆమెకు నాలుగు మేకలు. అవే మేసి ఉంటాయని ఎవరో అననే అన్నారు.

“నేను నాట్లకు పోయిన. తాడు తెంపుకొని పోయినయేమో. తప్పు నాదే” అంది సోమ్లీ.

అందరూ లక్ష్మణ్ వైపు చూశారు.

“కట్టుబాటు అందరికీ ఒకటే” అన్నాడు అతను.

మరుసటి పొద్దున సోమ్లీ మేకలను ఇక గుట్ట జోలికి పోకుండా గొల్లపల్లిలోని చెల్లెలింటికి తోలుకుపోతూ అతని వాకిట్లో ఆగింది. “తమ్మీ, నీ కష్టమంతా నా మేకలు పాడు చేసినయ్. మనసుల పెట్టుకోకు.”

మేకలు మలుపు తిరిగేదాకా అతను చూస్తూ నిలబడ్డాడు. ఆ రోజు న్యాయంగా మాట్లాడాడని జనం మెచ్చుకుంటుంటే తల ఎత్తలేకపోయాడు.

ఆ మర్నాడు తనే ఊరిని పిలిచాడు. “వంతు నాది. సంతల కూసొని తాగిన. మేసినయి నా ఎడ్లు. గుర్తులు నేనే చెరిపిన.”

ముసలి ముయా అడిగాడు: “మరి అక్క తప్పు ఒప్పుకుంటుంటే నీ నోటికేమైందిరా?”

లక్ష్మణ్ సోమ్లీ వైపు తిరిగాడు.

“ఏ పాపం ఎరగని మేకలను తోవ పొడుగునా తిట్టుకుంట పోయిన” అంది సోమ్లీ.

మేకల కోసం అతనే గొల్లపల్లి నడిచాడు. సోమ్లీ చెల్లెలు పొజ్జే “మళ్ళీ ఎందుకు తోలుకపోతున్నవ్? ఏమైంది?” అని అడిగితే అంతా మొదటినుంచి చెప్పాల్సి వచ్చింది. చుట్టుపక్కల ఆడవాళ్ళు కూడా వచ్చి నిలబడి విన్నారు.

ఆ వానల్లోనే మేసిన మోళ్ళు మళ్ళీ చిగురించాయి. సమితి పెద్దరికం సోమ్లీకి ఇచ్చారు. లక్ష్మణ్ వంతు వచ్చిన రోజు ఆమె మధ్యాహ్నం ఒకసారి గుట్టకు వస్తుంది. అతను ఉన్నాడో లేడో చూసి, పలకరించకుండానే వెళ్ళిపోతుంది. ఆమె వచ్చిన ప్రతిసారీ అతను లేచి నిలబడతాడు.