కాలిన వైరు వాసన

ఫ్లాస్కులోంచి ఎనిమిదో కప్పులోకి కాఫీ వంచుతుండగా సుగుణమ్మ ముక్కుకు ఏదో కాలుతున్న వాసన తగిలింది. చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఆదోనిలో పత్తి మిల్లు గోడ పక్కన పుట్టి పెరిగిన మనిషి ఆమె. బెల్టు కాలితే ఏ వాసనో, వైరు కాలితే ఏ వాసనో, మిల్లు దిగి వచ్చే తండ్రి యేసేపు చొక్కా వాసన చూసి చెప్పగలిగేది. ఇది వైరు.

అది 1952 నవంబరు. బెంగళూరు నుంచి హైదరాబాదు పోయే డకోటా విమానం. పంతొమ్మిది మంది ప్రయాణికులు, హోస్టెసు సుగుణమ్మ. ముందు గదిలో కెప్టెను, పక్కన కో-పైలటు, వాళ్ళ వెనక రేడియో ఆపరేటరు. తూర్పు తీరాన తుఫాను లేచిందని కెప్టెను దారి మార్చి పడమరగా నడుపుతున్నాడు. కిటికీల బయట మబ్బు తప్ప ఏమీ కనపడడం లేదు.

ఆమె ముందు గదిలోకి వెళ్ళి సంగతి చెప్పింది. ఎవరో సిగరెట్టు ఆర్పకుండా పడేసి ఉంటారన్నాడు కెప్టెను. వెనక్కి వచ్చి ప్రతి సీటు కిందా వంగి చూసింది. సిగరెట్టు లేదు, వాసన మాత్రం ముదిరింది. మళ్ళీ వెళ్ళి చెప్పింది. ఈసారి ఆయన తల కూడా తిప్పలేదు.

"విమానం నడిపేది నువ్వా, నేనా?"

ఆమె నవ్వింది. నవ్వాలనుకుని కాదు, అలవాటు. లోపల ఏమున్నా ముఖం నవ్వాలని నేర్పి పంపారు ఆమెను ఈ ఉద్యోగంలోకి. కంపెనీవాళ్ళ కంటే ముందు ఇల్లే నేర్పింది. పోయిన నెలలో ఎమ్మిగనూరు నుంచి పెళ్ళిచూపులకు వచ్చిన పెళ్ళికొడుకు తల్లి గంగమ్మ, కాబోయే కోడలిని ఎగాదిగా చూసి, "ఆకాశంలో ఎగిరినా నీ పని కాపీ పోసేదే గదమ్మా, అదే పని మా ఇంట్లో సేస్తే మర్యాదైనా ఉంటాది" అన్నది. అప్పుడూ ఇలాగే నవ్వింది. నవ్వి, వాళ్ళు తాగిన గ్లాసులు తీసుకుపోయి కడిగింది. గ్లాసులు కడుగుతూ, ఆమె అన్నదాంట్లో తప్పేముంది అని కూడా అనుకుంది. ఇప్పుడు ఇరవై మూడు ప్రాణాలున్న రేకు గొట్టంలో నిలబడి, తిరిగి కాఫీ దగ్గరికే పోవాలా అనుకుంది.

పోలేదు. రేడియో వెనకున్న రేకు మీద అరచెయ్యి పెట్టింది. పెనంలా చురుక్కుమంది.

"సార్, ఇక్కడ కాలుతోంది," అంది మూడోసారి. ఆ మాట పూర్తి కాకముందే రేకు సందులోంచి నల్లటి పొగ బయటికి వచ్చింది.

కో-పైలటు రెండు జనరేటర్లూ ఆపేశాడు, బ్యాటరీ మీట కూడా దించేశాడు. లోపల దీపాలు పోయాయి. ఆపరేటరు రేకు ఊడబీకి లోపలికి మంటలార్పే గ్యాసు కొట్టాడు. ఇంజన్లకు నిప్పురవ్వనిచ్చే మాగ్నెటోలు వేరు, కరెంటు తీసేసినా అవి తిరుగుతూనే ఉంటాయి. శిక్షణలో చెప్పిందే అయినా, ఆ క్షణంలో సుగుణమ్మ చెవులు రిక్కించి ఇంజన్ల మోత వింది. ఆగలేదు. పొగ తగ్గాక బ్యాటరీ కలిపి, ఒక్కొక్క మీటే వేసి చూశారు. రేడియో మీట వేయగానే మళ్ళీ పొగ. ఇక రేడియో లేదు. మబ్బులో ఎక్కడున్నారో చెప్పే గొంతు లేదు.

వెనక చాంద్ బీ ఆమె కొంగు పట్టుకుంది. ఆదోని పత్తి వ్యాపారి సిరాజుద్దీన్ తల్లి, కొడుకుతో హైదరాబాదు పోతున్న ముసలామె.

"బేటీ, నిజం సెప్పు. నీకు భయంగా లేదా?"

కంపెనీ నేర్పిన జవాబు నాలుక చివరే ఉంది. కానీ ఊరి మాట విని నోరు ఊరి మాటే పలికింది.

"ఉండాది పెద్దమ్మా. శానా భయంగా ఉండాది."

ముసలామె చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకుంది. ఇద్దరికీ అదే ఆసరా అయింది.

కెప్టెను నేల కోసం కిందికి దించాడు. మబ్బు చిరిగిన చోట రైలు పట్టాలు, మిల్లు పొగగొట్టాలు, రాళ్ళు పేర్చినట్టున్న కొండ మీద కోటగోడ కనిపించాయి. అవి కర్నూలు పట్టాలని, వాటి వెంటే ఉత్తరానికి పోదామని ఆయన అనడం ముందు గది తలుపు దగ్గరికి వచ్చిన సుగుణమ్మకు వినిపించింది. అటు పోతే రాయచూరు. ఆపైన పెట్రోలు ఎంతసేపు వస్తుందో ఆమెకు తెలియదు.

"సార్, అది రణమండల కొండ. ఇది ఆదోని, మా ఊరు. ఈ పట్టాలు కర్నూలు పోవు. బళ్ళారి నైరుతిలో నలభై మైళ్ళు. అక్కడ యుద్ధం నాటి విమానాల మైదానముంది."

కెప్టెను కోపంగా చూశాడు. కో-పైలటు మాత్రం పటం తొడ మీద పరుచుకుని, వేలితో పట్టాలు, కొండ, పటంలోని ఊరు సరిచూసుకుని, ఆమె చెప్పింది నిజమన్నాడు. విమానం ఒక పక్కకు ఒరిగి తిరిగింది. ఇరవై నిమిషాల్లో బళ్ళారి మట్టిలో దిగారు. మెట్ల దగ్గర నిలబడి పంతొమ్మిది మందినీ దింపాక, సుగుణమ్మ రెక్క చాటుకు పోయి వాంతి చేసుకుంది.

వారం తర్వాత బెంగళూరు ఆఫీసులో ఆమె ముందు ఒక కాగితం పెట్టారు. పొగను కెప్టెను పసిగట్టారనీ, ఆదోనిని కెప్టెను గుర్తుపట్టారనీ, హోస్టెసు బెదిరిపోయి మూడుసార్లు లోపలికి వచ్చి పనికి అడ్డుపడిందనీ ఉంది. కింద సంతకం చేస్తే చాలు, చేయకపోతే ఉద్యోగం గురించి ఆలోచించుకోవాల్సి ఉంటుందన్నాడు మేనేజరు. కెప్టెను కిటికీ వైపు చూస్తున్నాడు, కో-పైలటు తన బూట్ల వైపు.

ఆమె ఆ కాగితం పక్కకు జరిపి, తెల్లకాగితం ఒకటి అడిగింది. ఎప్పుడు వాసన వచ్చింది, ఎవరితో చెప్పింది, వాళ్ళేమన్నారు, అన్నీ వరసగా రాసి సంతకం చేసింది.

మేనేజరు చదివి తలెత్తాడు. "అయితే బెదిరిపోయిన మాట అబద్ధమంటావా?"

"నిజమేనండి, భయపడ్డాను," అంది సుగుణమ్మ. ఈసారి ఆమె ముఖంలో నవ్వు లేదు. "భయపడ్డాను కాబట్టే మూడుసార్లు చెప్పాను. ఆయన కూడా భయపడి ఉంటే, ఒక్కసారి చెబితే సరిపోయేది."