దుభాషి అరచెయ్యి

పొద్దున్నే ఎనిమిదింటికి సాన్ యీ మెట్లెక్కి, తాళం తీసి, ముందు టీకి నీళ్లు పెట్టేది. తరవాత కుర్చీలు తుడిచేది. ఆ తరవాత పొడుగు చేతుల చొక్కా గుండీలు మణికట్టు దాకా పెట్టుకుని, తెల్లటి నూలు గ్లవుజులు తొడుక్కునేది. థాయి సరిహద్దు ఊరు మే సోట్‌లో ఏప్రిల్ ఎండకి కుక్కలు కూడా మురుగు కాలవలో పడుకుంటాయి. అయినా ఆవిడ చొక్కా చేతులు మడవగా మేమెవరం చూడలేదు.

కింద పాత సైకిళ్ల కొట్టు, పైన మా న్యాయ సహాయం ఆఫీసు. బర్మా నుంచి నది దాటి వచ్చి ఇక్కడి మిల్లుల్లో, మొక్కజొన్న చేలల్లో పనిచేసేవాళ్లు పైకొచ్చి బర్మా భాషలో తమ గోడు చెప్పుకుంటారు. సాన్ యీ దాన్ని థాయిలో వకీలు రత్చనీకి చెబుతుంది. ఆ పనికో నియమం ఉంది. "ఈమెని కొట్టారట" అనకూడదు, "నన్ను కొట్టారు" అనాలి. ఒక్క మాట కలపకూడదు, ఒక్క మాట మింగకూడదు.

అలా 'నన్ను' అన్నప్పుడల్లా ఆ దెబ్బ వచ్చి సాన్ యీ ఒంటిమీద కూర్చునేది. చెరకు కొట్టేవాడి మాట చెబితే మోకాలి కింద కత్తిగాటు. ఇస్త్రీ గదిలో పనిచేసే పిల్ల మాట చెబితే మోచేతి మీద బొబ్బ. కేసు గెలిస్తే వారంలో మానిపోయేది, ఓడితే ఉండిపోయేది. పద్ధెనిమిదేళ్లలో ఉండిపోయినవి పదకొండు. "నిన్నటిది తగ్గిందా అక్కా?" అని అడిగేవాళ్లం, జలుబు తగ్గిందా అన్నట్టు.

కార్మిక కార్యాలయం వాళ్ల వాంగ్మూలం కాగితంలో అడుగున దీనికో గడి కూడా ఉండేది: 'దుభాషి ఒంటిమీద కనిపించినవి.' ఎవరూ నింపేవారు కాదు. యజమానుల వకీళ్లు గొడవ చేశాక, దుభాషి తనంతట తాను చూపిస్తే తప్ప అధికారి అడగకూడదని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. చూపించడమంటే మాట కలపడమేనని సాన్ యీ లెక్క. అందుకే ఆ చొక్కా, ఆ గ్లవుజులు.

ఒకప్పుడు కేసు గెలిచినప్పుడల్లా గుడికెళ్లి బుద్ధుడి చేతికి బంగారు రేకు అంటించి వచ్చేది. నాలుగేళ్లయింది మానేసి. ఎందుకని అడిగితే, "ఆయన చేతికి ఏ దెబ్బా లేదు, రేకెందుకు?" అంది.

పోన్ మ్యా వచ్చింది అలాంటి ఒక ఏప్రిల్‌లోనే. ఇరవై ఆరేళ్లు. కోట్లకి గుండీలు నొక్కే మిషన్ మీద తొమ్మిదేళ్లుగా పని. కుడిచెయ్యి కట్టులో ఉంది. డాక్టర్లు చితికిన నరాలు కోసి, తీసి, కుట్టేశారు. వేళ్లు మిగిలాయి గానీ, ఇప్పుడు ఆ చేతిమీద నిప్పు పెట్టినా తెలియదు.

"ఎక్కడ పోయిందమ్మా?" అంది సాన్ యీ.

"మిల్లులోనే అక్కా. కానీ ఆయన పేరు రాయకండి."

"ఆయన పేరు లేకుండా ఆయన మీద కేసెలా పెడతామే? గాలి మీద పెట్టమంటావా?"

"ఆసుపత్రికి తన కార్లోనే తీసుకెళ్లాడు. సీటంతా రక్తం చేశాను, ఒక్క మాట అనలేదు. గంజి తెచ్చాడు, అల్లం వేసి."

"చెయ్యి తీసుకుని గంజి ఇచ్చాడు. మంచి బేరమే."

ఆ గంజి ఇచ్చినవాడే ఆసుపత్రిలో, ఇంట్లో వెదురు మొలకలు తరుగుతుంటే తెగిందని రాయించాడు. ఇంట్లో తెగితే మిల్లుకి సంబంధం లేదు. పని చేయలేని మనిషి వలస కార్డు రద్దవుతుంది. ఏడు రోజుల్లో వంతెన దాటి బర్మా వెళ్లిపోవాలి. వంతెన అవతల పోన్ మ్యా ఊరిని సైన్యం తగలబెట్టేసింది, ఒక్క గుంజ కూడా నిలబడి లేదు. నాన్న, అన్న అక్కడే పోయారు. అమ్మ అంతకు ముందే పోయింది.

సాన్ యీ వకీలుకి చెప్పింది: "మిషన్ నా చెయ్యి మీద పడింది." గ్లవుజు లోపల, అరచేతి మధ్య, గుండ్రటి అచ్చు దిగింది. దాని నడుమ ఐదు రేకుల పువ్వు. ఆ మిల్లు గుండీల మీద ఉండే పువ్వే.

విచారణ రోజున పోన్ మ్యాకి ఆవిడ మరీ మరీ చెప్పింది. "అక్కడ మొహమాటపడకు. మన ఆడవాళ్లు ఈ మొహమాటంతోనే సగం కేసులు పోగొట్టుకున్నారు. కాలు తొక్కినవాణ్ణే 'కాలు నొచ్చిందా' అని అడిగే జాతి మనది."

"పడనక్కా."

కార్యాలయంలో ఏసీ చల్లగా ఉంది. ముసలి యజమాని తన మిల్లు కోటే తొడుక్కుని కూర్చున్నాడు. పోన్ మ్యాని చూసి, కన్నకూతుర్ని అడిగినట్టు, "అన్నం తిన్నావా అమ్మాయ్?" అన్నాడు. పోన్ మ్యా తల వాలిపోయింది. అప్పుడే అర్థమైంది సాన్ యీకి.

"చెయ్యి ఎక్కడ తెగింది?" అన్నాడు అధికారి.

పోన్ మ్యాకి థాయ్ కొంత వచ్చినా వాంగ్మూలం దుభాషి ద్వారానే ఇవ్వాలి కాబట్టి ప్రశ్న బర్మా భాషలోకి వెళ్లింది. పోన్ మ్యా నేలకేసి చూస్తూ అంది: "ఇంట్లోనే. వెదురు మొలకలు తరుగుతుంటే."

రత్చనీ కలం ఆగింది. సాన్ యీది పద్ధెనిమిదేళ్ల నియమం. చెప్పింది: "నా చెయ్యి ఇంట్లోనే తెగింది. వెదురు మొలకలు తరుగుతుంటే."

"ఇప్పుడు నొప్పి ఉందా?"

"లేదండీ. బాగానే ఉంది. ఆయన చాలా మంచివారు."

"నొప్పి లేదండీ," అంది సాన్ యీ. "బాగానే ఉంది. ఆయన చాలా..." అంటూండగానే తెల్ల గ్లవుజు మధ్య ఎర్రటి చుక్క లేచి, రూపాయి బిళ్లంత అయింది. "చాలా మంచివారు," అని వాక్యం పూర్తి చేసింది. ఒక్క మాటా మింగలేదు.

తరవాత గ్లవుజు తీసి, అరచెయ్యి వెల్లకిలా బల్లమీద పెట్టింది.

అధికారి దాన్ని, ఆలస్యంగా వచ్చిన ఫైలుని చూసినట్టు చూశాడు. సొరుగులోంచి స్కేలు తీసి కొలిచాడు. యజమాని వైపు తిరిగి, "ఆ కోటు గుండీ ఒకటి చూడనివ్వండి," అన్నాడు. ముసలాయన కోటు దగ్గరగా లాక్కున్నాడు, చలేసినట్టు. అధికారి అడుగున గడిలో ఏదో రాశాడు. చాలాసేపు రాశాడు.

బయట పోన్ మ్యా గోడకి ఆనుకుని నిలబడింది. "నా మాట మార్చేశావు అక్కా."

"ఒక్క మాట మార్చలేదు."

"ఆయన మొహం చూశావా? ఇక ఆ వీధిలో ఎలా నడవను?"

"నడవడానికి నీకింకా వీధి ఉంది. అవతలైతే అదీ లేదు."

పోన్ మ్యా వెళ్లిపోయింది. పది రోజుల్లో తీర్పొచ్చింది. దెబ్బ మిల్లులోనే తగిలింది, కార్డు రద్దు చేయడానికి వీల్లేదు, వైద్యం ఖర్చు మిల్లుదే. కబురు పంపితే సంతకం పెట్టడానికి వచ్చిందే గానీ సాన్ యీ వైపు చూడలేదు. అదే వారం యజమానుల సంఘం ఫిర్యాదు చేసింది. కార్మిక కార్యాలయం దుభాషుల జాబితాలోంచి సాన్ యీ పేరు కొట్టేశారు. మేం ఎవరం పెద్దగా నోరెత్తలేదు. ఆఫీసు మూయించేస్తారేమోనని భయపడ్డవాళ్లలో నేనూ ఉన్నాను. ఇది ఎక్కడో ఒకచోట రాయాలి కాబట్టి రాస్తున్నాను.

కేసు గెలిచినా అరచేతిలో పువ్వు మానలేదు. వారమైంది, నెలైంది. పన్నెండోది. ఆవిడ ఇక టీ పెట్టేది, కుర్చీలు తుడిచేది, అంతే. గ్లవుజులు సొరుగులో పడేసింది. "ఎవరికి దాచాలి ఇంక?" అంది.

సెప్టెంబరులో, వాన తెరిపిచ్చిన ఒక పూట, పోన్ మ్యా మెట్లెక్కి వచ్చింది. వెనకాల ఒక నడివయసు మనిషి, తడిసిన గొడుగు రెండు చేతుల్తో పట్టుకుని. ఎవరింట్లోనో పనిమనిషి.

"ఈవిడకి కరెన్ తప్ప ఏ భాషా రాదు," అంది పోన్ మ్యా, గోడతో చెప్పినట్టు. "మా అమ్మ భాష."

"నాకు రాదు," అంది సాన్ యీ. "నీకు థాయ్ వచ్చుగా. నువ్వే చెప్పు. 'ఈవిడ' అనకు. 'నేను' అను."

పోన్ మ్యా సాన్ యీ అరచేతికేసి చూసింది. చాలాసేపు చూసింది. "నాదింకా ఉందా?"

"ఉంది."

పోన్ మ్యా కుర్చీ లాక్కుని కూర్చుంది. వచ్చినావిడ నోరు విప్పడం లేదు. ఇంటామె మంచిదనీ, పాత బట్టలిస్తుందనీ మాత్రం గొణుగుతోంది. పోన్ మ్యా తన కుడిచెయ్యి ఎత్తి చూపించి కరెన్‌లో ఏదో చెప్పింది. తరవాత మా అందరి కోసం బర్మా భాషలో మళ్లీ చెప్పింది: "నాది మిల్లులో పోయింది. ఇంట్లో కాదు. అబద్ధం చెప్పాను. గంజి తాగాను కాబట్టి."

టీ గ్లాసులు కడుగుతున్న సాన్ యీ చెయ్యి నీళ్లలోంచి తీసి చూసుకుంది. అరచెయ్యి బోసిగా ఉంది. తుడుచుకుని, మిగతా గ్లాసులు కడిగింది.

అప్పుడు ఆ మనిషి మాట్లాడడం మొదలెట్టింది. పోన్ మ్యా విని, రత్చనీ వైపు తిరిగింది.

"నేను గిన్నె పగలగొట్టాను," అంది థాయిలో. "మా ఇంటామె నా వేళ్లు తలుపు సందులో పెట్టించి, తలుపు వేసింది."

పోన్ మ్యా కుడిచేతి నాలుగు వేళ్లూ నల్లబడ్డాయి. ఐదు నెలల తరవాత ఆ చేతికి మళ్లీ నొప్పి తెలిసింది.

"తరవాత?" అంది రత్చనీ.

పోన్ మ్యా కళ్లు తుడుచుకుని, ఆ మనిషి వైపు తిరిగి అదే అడిగింది.

సాన్ యీ సొరుగు లాగి గ్లవుజులు పైకి తీసింది. ఒక క్షణం పట్టుకుని, మళ్లీ లోపలే పెట్టి సొరుగు మూసేసింది.