ఆయుధపూజకు ఆపిన వార్నింగులు

హోసూరులో లక్ష్మణప్ప కంపెనీ చిన్నదే. పట్టుపురుగుల షెడ్డుల్లో వేడి చూసుకునే పెట్టెలు చేస్తారు. చలి పెరిగితే పెట్టె హీటరు వేస్తుంది, వేడి చాలితే ఆపేస్తుంది. అందులోకి ప్రోగ్రాము రాసేది చిత్ర. లక్ష్మణప్ప ఒకప్పుడు లేతు మిషను పట్టినవాడు. ఆయుధపూజనాడు హారతి ఇచ్చాక మిషను ఒకసారి తిప్పాలి, అది కిర్రుమనకుండా తిరగాలి, లేకుంటే ఏడాదంతా ఆయనకు నిద్ర పట్టదు. ఆ పట్టింపే కంప్యూటరుకూ పెట్టాడు మహానుభావుడు!

చిత్ర రాసినదాన్ని పెట్టెకు అర్థమయ్యేలా మార్చేది కంపైలరు. మార్చేటప్పుడు ఎక్కడ అనుమానం తగిలితే అక్కడ ఒక వార్నింగు చూపిస్తుంది. 2003 పూజనాడు తెర నిండా అవే.

“ఏమమ్మా ఇది? కుంకుమ పెట్టిన మిషను ఇట్ల అరిస్తే ఎట్ల? నిలిపేయమ్మా!”

నిలిపేసింది. కంపైలరుకు ఆదేశాలిచ్చే బిల్డు ఫైల్లో ఒక్క మాట తీసేస్తే కంపైలరు నోరు మూసుకుంది. పండగ కాగానే మళ్లీ పెడదామనుకుంది. ఆర్డర్లు మీద పడ్డాయి, మరిచేపోయింది. వార్నింగుల్లేని తెర ఎంత హాయిగా ఉందో! కొత్తగా రాసిందంతా ఆ హాయిలోనే రాసి, ఆ ప్రోగ్రాముతో మొదటి పెట్టెను కెలమంగలంలో తన పెద్దమ్మ మునిలక్ష్మమ్మ షెడ్డులో బిగించి వచ్చింది.

మొగుడు పోయాక పెద్దమ్మను బతికించింది పురుగులే. ఆమె చేతి గుణం మంచిదని, ఊళ్లోవాళ్లు తమ పురుగులకు మొదటి ఆకు ఆమెతోనే వేయించుకునేవారు.

కార్తీకంలో ఒక ముసురురోజు పెద్దమ్మ దగ్గర్నుంచి ఫోను వచ్చింది. “పురుగులన్నీ పోయినాయి చిత్రా. గూడు కట్టే పొద్దుకు పోయినాయి.”

పెట్టె మీదే అనుమానం వచ్చి చిత్ర, పూజనాడు తీసేసిన మాటను మళ్లీ పెట్టి బిల్డు చేసింది. మొట్టమొదటి వార్నింగే చెప్పేసింది: హీటరు ఆపాల్సిన వేడికి అంకె ఇవ్వకుండానే వాడుకుంటున్నావని. ఆఫీసులో పరీక్షించినప్పుడు మెమరీలో ఆ చోట ఏదో పనికొచ్చే అంకె ఉండి గట్టెక్కింది. షెడ్డులో గట్టెక్కలేదు, హీటరు ఆగలేదు. పాపం, కంపైలరు ఎప్పుడో చెప్పేది. దాని నోరు నొక్కింది తనే.

తెల్లారి కెలమంగలంలో బస్సు దిగి పోయేసరికి, కూలికి వచ్చిన పిల్లప్ప మల్బరీ తోటను గడ్డపారతో పెళ్లగిస్తున్నాడు. పెద్దమ్మ గట్టుమీద కూర్చుని చూస్తోంది.

“పెద్దమ్మా, తోట తీయొద్దు. తప్పు నాది. నా పెట్టె హీటరును నిలపలేదు.”

“ఊరుకోమ్మా. పక్కింటి నాగక్క సచ్చిపోతే చూసేకి పోయినాను. పురుగులకు ఆకు ఏసేకి పొద్దు పోయిందని, తలమీద నీళ్లు పోసుకోకుండానే షెడ్డులోకి పోయినాను. మైల తగిలింది.”

“ఉడుక్కి చచ్చినాయి పెద్దమ్మా!”

“ఆ ఉడుకు కూడా మైలకే పుట్టింది. నన్ను ఓదార్చేకి తప్పు నీమీద ఏసుకోవద్దు. సదువుకున్న పిల్లవి, నువ్వెందుకు తప్పు చేస్తావు?”

చిత్ర పూజ సంగతి చెప్పింది, వార్నింగుల సంగతి చెప్పింది, ఏడుస్తూ మళ్లీ మొదటినుంచి చెప్పింది. పెద్దమ్మ తల అడ్డంగా ఊపుతూనే ఉంది. చిత్ర ఆమె చేయి పట్టుకోబోయింది. పెద్దమ్మ గబుక్కున రెండు చేతులూ కొంగులో దాచుకుంది.

“తాకొద్దు తల్లీ. ఈ చేయి మంచిది కాదు.”