ఎన్ని గోల్స్ కొట్టింది?

ఆమె అంట్లు తోముతుండగా ముందుగదిలోంచి హాకీ క్లబ్ కార్యదర్శి గొంతు వినిపించింది. కొత్త మైదానం గోడ మీద ఊరి ఆటగాళ్ల పేర్లు చెక్కిస్తున్నారట.

"మీ ఆవిడ కూడా ఆడేదన్నారు. ఎన్ని గోల్స్ కొట్టింది?"

"తను గోల్‌కీపరండీ," భర్త నవ్వాడు. "కొట్టడానికేముంది, నిలబడేది."

"అయితే జాబితాలో గోల్స్ గడి ఖాళీయే. పేర్ల వరస గోల్స్‌ని బట్టే మరి. గోల్ లేకపోతే గోడ మీద చోటు లేదు."

ఆ ఒక్క గడితో పదకొండేళ్లు తుడిచిపెట్టుకుపోయాయి. దేశంలోని పెద్ద లీగ్‌లో, ఆటే ఉద్యోగంగా బతికిన పదకొండేళ్లు. మోకాలికి రెండు ఆపరేషన్లు. ఫైనల్ టైబ్రేకర్లో వరసగా నాలుగు బంతులు ఆపిన మర్నాడు పత్రికలో గోల్ కొట్టినామె ఫొటో పడింది, ఓ మూల ఈమె మోచెయ్యి కనిపించింది. అప్పుడు నవ్వుకుంది. పెళ్లయ్యాక ఆ నవ్వు కూడా పోయింది. "ఆడదానికి ఆ కాళ్లేమిటి, దూలాల్లా," అనేది అత్తగారు, వచ్చినవాళ్ల ముందే. పాలు పొంగినా, పాపకి జ్వరమొచ్చినా, "బంతులాపినంత తేలిక కాదు సంసారం," అనేవాడు భర్త. ఆయన ఊరి క్లబ్బుకి రెండు సీజన్లు ఆడి మూడు గోల్స్ కొట్టాడు. ఆ మూడూ గోడెక్కాయి.

ప్రారంభోత్సవం నాడు మొదటి బంతి ఆయనే కొట్టాలన్నారు. ఫొటో కోసం గోల్లో ఎవరో ఒకరు ఉండాలి కదా. కార్యదర్శి ఆడవాళ్ల వరసలోకి వచ్చాడు.

"అమ్మా, మీరు కాస్త నిలబడండి. అడ్డం మాత్రం పడకండేం. లోపలికి వెళ్తేనే ఫొటో బాగుంటుంది."

"ప్యాడ్లు, చేతి తొడుగులు, హెల్మెట్ ఇప్పించండి," అంది.

"ఎందుకమ్మా, మెల్లగానే కొడతారు."

"ఇప్పించండి."

ఆమె పట్టీలు బిగించుకుంటుంటే భర్త దగ్గరకొచ్చి, ఫొటో నవ్వు చెదరకుండానే, "వదిలెయ్. నలుగుర్లో నా పరువు తియ్యకు," అన్నాడు.

వదలడం ఆమెకి కొత్త కాదు. అమ్మాయిల జట్టుకి శిక్షణ ఇమ్మని పిలుపొస్తే, ఇంట్లో పనెవరు చేస్తారన్నారని వదిలింది. నోటిదాకా వచ్చిన మాటలు వదిలింది. ఆఖరికి ఊరి గోడ మీద తన పేరు కూడా నోరెత్తకుండా వదిలేసింది. ఇప్పుడు దీన్నీ వదలమంటున్నారు.

బంతి కుడివైపు వచ్చింది. కాలితో ఆపింది. పొరపాటున తగిలిందనుకుని ఇద్దరు ముగ్గురు నవ్వారు. కార్యదర్శి పరుగెత్తుకొచ్చి, "అమ్మా, వెళ్లనివ్వాలి," అని గుర్తు చేశాడు. రెండోసారి భర్త ఉన్న బలమంతా పెట్టి, నేరుగా ఆమె భుజం మీదికే కొట్టాడు. అది ఫొటో కోసం కొట్టిన దెబ్బ కాదని ఆమెకి తెలిసింది. చేతి తొడుగుతో పక్కకి నెట్టేసింది. వెనక వరసలో అమ్మాయిల జట్టులోని వాళ్లు ఒక్కొక్కరే లేచి నిలబడ్డారు.

ఆమె బంతిని కాలితో మెల్లగా ఆయన వైపు దొర్లించింది.

"మళ్లీ కొట్టండి," అంది. "సాయంత్రం దాకా ఇక్కడే ఉంటాను."