నలుగురికీ లింబాద్రిదే

ముత్యానికి కొన్ని నెలలుగా ఉచ్చ ఎర్రగా వస్తోంది. క్యాంపు మెస్సులో పెట్టే బీట్‌రూట్ వల్లేనని తనకు తాను చెప్పుకున్నాడు. మెస్సులో బీట్‌రూట్ వండక చాలా రోజులైందని కూడా అతనికి తెలుసు.

బహ్రెయిన్‌లో మీనా సల్మాన్ రేవు వైపు ఒక రంగుల కంపెనీ షెడ్డులో డ్రమ్ములు కడగడం అతని డ్యూటీ. ఆ షెడ్డులో పనిచేసి ఊళ్లకు పోయిన ముగ్గురికి మూత్రాశయంలో క్యాన్సర్ బయటపడడంతో, సంగతేమిటో చూడడానికి డాక్టర్లు దిగారు. అందరూ సీసాల్లో పోసివ్వాలన్నారు. క్యాంపులో మెడికల్ అంటే ఒకటే భయం, అందులో తప్పితే ఇంటికి విమానం ఎక్కించేస్తారని.

అందుకే అక్కడొక పద్ధతి ఉంది. మెడికల్ వచ్చిందంటే లింబాద్రిని పట్టుకోవడం. మందు ముట్టడు, బీడీ ముట్టడు, తెల్లారకముందే లేచి క్యాంపు చుట్టూ పరుగెడతాడు. అలాంటివాడితో ఒకే గదిలో ఉండడం పెద్ద శిక్ష. మెడికల్ రోజు మాత్రం వాడే దేవుడు. రాత్రి తాగింది బయటపడుతుందని అదే గదిలో ఉండే భీమన్న, కిషన్ సీసాలు పట్టుకొచ్చారు. ముత్యం కారణం చెప్పకుండా తనదీ చాపాడు.

"నాదేమన్న గంగనీళ్లారా?" అని గొణుగుతూనే లింబాద్రి పెద్ద బాటిల్ నీళ్లు తాగి నాలుగూ నింపాడు. మొహంలో గర్వం దాగలేదు.

వారం తిరక్కుండా నర్సు లక్ష్మిప్రసన్న నలుగురినీ పిలిపించింది. కాకినాడ అమ్మాయి.

"మీ నలుగురి సీసాల్లోనూ రక్తం ఉందండీ. కంటికి కనబడదు, మిషన్‌కి దొరికింది. చెడ్డ కణాలు కూడా ఉన్నాయంట. షెడ్డు మూయించాల్సిందేనని డాక్టరుగారు పట్టుబట్టి కూర్చున్నారు."

భీమన్న గంతేసినంత పని చేశాడు. "మాది గాదక్కా! అన్నీ లింబాద్రియే!"

కిషన్ నవ్వబోయి, లింబాద్రిని చూసి ఆగిపోయాడు. అంత పహిల్వానూ గోడకు ఆనుకుని కూలబడ్డాడు.

"తాగలే, పొగ పీల్చలే. గా డ్రమ్ములే గద కడిగిన," అన్నాడు. "నేనొక్కణ్నే పోవాల్నా?"

లక్ష్మిప్రసన్న అందరినీ చెడామడా తిట్టి కొత్త సీసాలిచ్చింది. "ఎవరిది వాళ్లే. నేనిక్కడే కూర్చుంటాను."

లింబాద్రి ముందే వెళ్లి తనది తెచ్చి బల్ల మీద పెట్టాడు. తర్వాత బాత్రూములో భీమన్న ఈల వేసుకుంటూ నింపుకున్నాడు. పక్కనే నిలబడ్డ ముత్యం చూపంతా భీమన్న సీసా మీదే. అడిగితే సగం ఇస్తాడు, ఎందుకని కూడా అడగడు. బయట లింబాద్రి ముక్కు చీదుకోవడం వినిపించింది. ముత్యానికి తన మీద తనకే రోత పుట్టింది. గోడ వైపు తిరిగి తనది తానే నింపాడు.

దాన్ని తెచ్చి లింబాద్రి సీసా పక్కన పెట్టాడు. ఎర్రగా ఉంది. వెనకే వచ్చిన భీమన్న ఈల ఆగిపోయింది.

"బీట్‌రూటా?" అన్నాడు మెల్లగా.

"గాదు," అన్నాడు ముత్యం. పోయి లింబాద్రి పక్కన కూర్చున్నాడు.