కింది లైను

పదహారో ఫైలు ముగిసేసరికి పదకొండున్నర దాటింది. భోజనాల వేళకు ఇంకా ఇరవై అయిదు తేలాలి. ప్రకటనల ప్రమాణాల మండలి సమావేశం ఎప్పుడూ ఇంతే. ఒక్కో ఫిర్యాదుకు ఆరేడు నిమిషాలు. అంతకు మించి ఎవరైనా మాట్లాడితే అధ్యక్షులైన జడ్జిగారు గోడ గడియారం వైపు చూస్తారు. ఆ చూపు పడగానే మాట్లాడే మనిషి మాట మింగేస్తాడు. దానికి తోడు ఆ రోజు ఏసీ పాడైంది. గదిలో ఉక్కగా ఉంది. బల్ల మధ్యలో పెట్టిన పళ్ళు మగ్గి వాసన వేస్తున్నాయి.

బల్ల చివర సిస్టరమ్మ కూర్చుంది. పెద్దాసుపత్రిలో ముప్పై నాలుగేళ్ళు వార్డు నర్సుగా చేసి రిటైరైన మనిషి. మండలిలో సామాన్య జనం తరఫున ఒకరుండాలని నిబంధన. నెమ్మదస్తురాలు, నోట్లో నాలుక లేని మనిషి అని ఎవరో ఆమె పేరు చెబితే రెండేళ్ళ కిందట తీసుకున్నారు. మిగతా నలుగురిలో జడ్జిగారు కాక, ప్రకటనలు తయారుచేసే కంపెనీ తరఫున వచ్చే ఏజెన్సీ ఆయన ఒకరు. గదిలో ఎక్కువగా మాట్లాడేది ఆయనే. బల్లా, కుర్చీలూ, ఆ పాడైన ఏసీ, చివరికి సభ్యుల భత్యం కూడా ప్రకటనలిచ్చే కంపెనీల చందాలతోనే నడుస్తాయి. మండలిలో చేరిన ఏడాదికి గానీ ఈ సంగతి సిస్టరమ్మకు తెలియలేదు.

"పదిహేడు," అన్నాడు కార్యదర్శి. "ఒక బస్సు కండక్టరు రాసిన ఉత్తరమండీ. చక్కెర జబ్బు పొడి ప్రకటన మీద. దీనిమీద ఏడు నెలల కిందట ఒక డాక్టరు ఫిర్యాదు చేస్తే మనం సవరణ చెప్పి ముగించాం. కంపెనీవారు సవరణ పాటించారు. ఇప్పుడు వాళ్ళంతట వాళ్ళే ప్రకటన ఆపేశారు కూడా. కాబట్టి 'పరిష్కృతం' అని రాసుకోవచ్చు."

"రాసుకోండి," అన్నారు జడ్జిగారు.

"ఉత్తరం చదవరా?" అంది సిస్టరమ్మ.

అన్నాక తనే ఉలిక్కిపడింది. జడ్జిగారు గడియారం చూశారు. కార్యదర్శి ఇబ్బందిగా కాగితం ఆమె వైపు జరిపాడు. చీటీల పుస్తకం నుంచి చింపిన కాగితం. అక్షరాలు మాత్రం ముత్యాల్లా ఉన్నాయి.

'అయ్యా, నేను నూట పన్నెండో నెంబరు బస్సులో కండక్టర్ని. నా భార్యకు పదమూడో ఏట నుంచి చక్కెర జబ్బు. రోజుకు రెండు సూదులు. ఇక సూది అక్కర్లేదు అని నా బస్సు వెనకాల పెద్దక్షరాలతో రాసుంది. అది చూసి పొడి కొంది. సూది మానేసింది. ఎనిమిదో రోజు పోయింది. ప్రకటన ఆపేశామని కంపెనీవాళ్ళు మీతో చెప్పారట. నా బస్సు మీద ఇంకా ఉంది. రోజూ నేనే దాన్ని ఊరంతా తిప్పుతున్నాను. దయచేసి తీయించగలరు.'

ఆ ఎనిమిది రోజులూ ఎలా గడిచి ఉంటాయో ఆ గదిలో ఒక్క సిస్టరమ్మకే తెలుసు. మొదట దాహం. బిందెడు తాగినా ఆగదు. తర్వాత వాంతులు. తర్వాత మనిషి మంచం మీద కదలకుండా పడుకుని, కొండ ఎక్కుతున్నట్టు ఊపిరి తీస్తుంది, లోతుగా, ఆగకుండా. ఆ ఊపిరికి మాగిన పళ్ళ వాసన ఉంటుంది. అలాంటి మంచాల పక్కన ఎన్ని రాత్రులు కూర్చుందో ఆమెకే లెక్క లేదు. ఇప్పుడు బల్ల మీది పళ్ళు చూడగానే ముఖం పక్కకు తిప్పుకుంది.

అది ఒకటే కాదు. ఏడు నెలల కిందట ఇదే గదిలో ఏజెన్సీ ఆయన నవ్వుతూ, "ఇదొట్టి అతిశయోక్తండీ. సబ్బు రుద్దుకుంటే చందమామలా అవుతారంటే మీ ఇంట్లో ఎవరన్నా నమ్మారా?" అన్నాడు. అందరూ నవ్వారు. సిస్టరమ్మ నవ్వలేదు గానీ, చేరాక మొదటిసారి నోరు విప్పింది. "కింద ఒక లైను పెట్టిస్తే సరిపోతుందేమోనండీ. ఫలితం మనిషిని బట్టి మారుతుందనీ, డాక్టరు సలహాతో వాడమనీ." జడ్జిగారు కళ్ళజోడు తీసి, "సామాన్యుల వివేకమంటే ఇదీ," అన్నారు. ఆ మాటే తీర్మానమైంది. ఆ సాయంత్రం ఇంటికెళ్ళి మొగుడికి చెప్పుకుంది. కూతురు ఇరుగూ పొరుగూ అందరికీ చెప్పింది.

మండలి రెండేళ్ళలో ఆమె నోట విని రాసుకున్న మాట అదొక్కటే.

"ఈ ఫైలు వచ్చే సమావేశానికి ఉంచండి," అంది.

"దేనికి?"

"చూసుకోవాలి."

ఏం చూసుకోవాలో ఆమెకూ తెలియదు. జడ్జిగారు విసుగ్గా తలూపారు. పద్దెనిమిదో ఫైలు వచ్చింది. అది తలనూనె గురించి.

ఆ రోజు నుంచి సిస్టరమ్మకు ఇంట్లో ఊపిరి వినిపించసాగింది. కుళాయి కట్టేశాక గొట్టంలో గాలి కదిలితే ఆ ఊపిరి. మొగుడు మధ్యాహ్నం కునుకు తీస్తుంటే ఆ ఊపిరి. రెండుసార్లు ఆయన ముక్కు దగ్గర వంగి వాసన చూసింది. మూడోసారి ఆయన కళ్ళు తెరిచాడు.

"పోయాననుకున్నావా?"

"ఊరుకోండి."

"పోతే చెప్పే పోతాలే. చెప్పకుండా పోయే అలవాటు మా వంశంలో లేదు."

ఆయన జన్మంతా అచ్చాఫీసులో అక్షరాలు పేర్చిన మనిషి. వేళ్ళ కొసలు ఇప్పటికీ నల్లగానే ఉంటాయి. ఆమె సంగతంతా చెప్పింది. ఆయన తన వేళ్ళ వైపు చూసుకున్నాడు.

"మా ప్రెస్సులో కంపెనీవాళ్ళు కాగితం తెచ్చి, ఈ లైను మాత్రం ఉన్నవాటిలోకెల్లా చిన్న టైపులో వెయ్యండి అనేవాళ్ళు. చిన్నక్షరం ఎందుకు వేస్తారో తెలుసా? చెప్పలేదన్న మాట రాకూడదని. విన్నారన్న మాట కూడా రాకూడదని."

"అప్పుడే చెప్పొచ్చుగా నాకు."

"ఎంత సంతోషంగా వచ్చావు ఆ రోజు. ఎలా చెప్పను?"

నాలుగో రోజు పొద్దున పదింటికి సిస్టరమ్మ నూట పన్నెండు బస్సు కోసం స్టాపులో నిలబడింది. వెనకాల ఆ ప్రకటన లేని రెండు బస్సులు వదిలేసింది. మూడోది వచ్చి ఆగగానే ఎక్కకుండా వెనక్కి నడిచింది. ఉంది. సూదిని రెండు ముక్కలుగా విరిచి నవ్వుతున్న ఆడమనిషి బొమ్మ, ఆమె తల కన్నా పెద్దగా అక్షరాలు, ఇక సూది అక్కర్లేదు. కింది లైను కోసం వంగి చూడాల్సి వచ్చింది. దాని మీద బురద పేరుకుని ఉంది. కొంగుతో తుడిచింది. తన మాటే. ఒక్క అక్షరం పొల్లుపోలేదు.

"అమ్మా, వెనకాల తలుపు లేదు, ముందు నుంచి ఎక్కాలి," అన్న గొంతు వినిపించింది. కిటికీలోంచి కండక్టరు తల బయట పెట్టి చూస్తున్నాడు. నలభై ఏళ్ళుండొచ్చు. చొక్కాకు గుండీ ఒకటి ఊడిపోయింది, పిన్నీసు పెట్టుకున్నాడు.

ఆఖరి స్టాపు దాకా టిక్కెట్టు తీసుకుంది. టిక్కెట్టు వెనక అతను చిల్లర బాకీ రాసిచ్చాడు, అవే ముత్యాల్లాంటి అక్షరాలు. దారి పొడుగునా అతను మాట్లాడుతూనే ఉన్నాడు. "జరగండి సార్, ముందు చోటుంది, దాచుకుంటే వడ్డీ రాదు." జనం నవ్వుతున్నారు. అతను మాత్రం నవ్వడం లేదు. ఆ మాటలు ఎన్నో ఏళ్ళుగా నోటికి అలవాటై వాటంతటవే వస్తున్నాయి.

ఆఖరి స్టాపులో డ్రైవరు టీకి దిగాడు. బస్సు ఖాళీ అయింది. కండక్టరు వచ్చి ఎదుటి సీట్లో చిల్లర సర్దుకుంటూ కూర్చున్నాడు.

"దిగాలమ్మా. ఇక్కడితో సరి."

"నువ్వు రాసిన ఉత్తరం చదివాను," అంది సిస్టరమ్మ. "నేను ఆ మండలిలో మనిషినే."

అతని చేయి సంచిలోనే ఆగిపోయింది. "ఎవరూ చదవరనుకున్నాను," అన్నాడు.

"సూది ఎందుకు మానేసింది బాబూ? అన్నేళ్ళ అలవాటు."

"ఖర్చమ్మా. నా జీతంలో నాలుగో వంతు దానికే పోయేది. అందులో సగానికే పొడి డబ్బా వస్తుంది. నెలకు అంత మిగిలితే పిల్లను మంచి బడికి పంపొచ్చు అంది." అతను సంచి మూత వేశాడు. "తెలివి తక్కువది కాదమ్మా. చదువుకుంది. నాకు ఒంట్లో బాగోకపోతే మందు చీటీ తనే చదివి చెప్పేది. మొదట నమ్మలేదు కూడా. ఒకరోజు డిపోకి క్యారేజీ తెచ్చింది. బస్సు వెనక్కి వెళ్ళి ఆ కింది లైను దగ్గర వంగి, ఫోను లైటేసుకుని చదివింది. చదివొచ్చి ఏమందో తెలుసా? 'మోసగాడైతే ఈ మాట రాస్తాడా? ఎవరో పెద్దవాళ్ళు చూసే రాయించి ఉంటారు' అంది."

బస్సు ఇంజను కట్టేసి ఉంది. అయినా సిస్టరమ్మకు ఎక్కడో ఊపిరి లాగుతున్న చప్పుడు వినిపించింది.

"డాక్టరు సలహాతో అని ఉంది కదా," అంది, ఏదో ఒకటి అనకపోతే నిలవలేనట్టు.

"అడిగిందమ్మా. పొడి అమ్మే కొట్లో తెల్లకోటు మనిషిని కూర్చోబెట్టారు. అతను వాడమన్నాడు."

ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకుంది. ముప్పై నాలుగేళ్ళలో వేల సూదులు వేసిన చేతులు.

"ఆ లైను పెట్టించింది నేనే, బాబూ."

అతను తలెత్తి చూశాడు. కోప్పడతాడనుకుంది. కోప్పడితే బాగుండునని కూడా అనిపించింది. అతను, "ఏమనుకుని పెట్టించారమ్మా?" అన్నాడు.

"మంచి జరుగుతుందనుకున్నాను."

"ఆవిడా అదే అనుకుంది," అన్నాడు.

డ్రైవరు వచ్చాడు. కండక్టరు లేచి సంచి భుజాన వేసుకున్నాడు. మెట్టు దిగబోతూ ఆమె అడిగింది, "మరి నువ్వే గీకేయకపోయావా?"

"ఒక మూల గీకాను. డిపోలో జీతం కోశారు. ఆ చోటు అద్దెకిచ్చారట, ఇంకో ప్రకటన వచ్చేదాకా అదే ఉంటుందట. వేరే బస్సుకి మార్చమని అడిగాను. మా డిపోలో పంతొమ్మిది బస్సుల మీద ఉందమ్మా. దేనికని మారను?"

రెండు వారాలకు సమావేశం మళ్ళీ మొదలైంది. ఈసారి ఏసీ బాగుచేశారు. లోపలికి వెళ్ళే ముందు వరండాలో ఏజెన్సీ ఆయన ఆమెను ఆపాడు.

"సిస్టరమ్మగారూ, వచ్చే నెలతో మీ రెండేళ్ళ గడువు అయిపోతోంది కదా. మళ్ళీ మీ పేరే అనుకుంటున్నాం. మీలాంటి మనసున్నవాళ్ళు దొరకరండీ."

ఆమె నమస్కారం పెట్టి లోపలికి వెళ్ళింది.

పదిహేడో ఫైలు ముందే తీశారు. అయిదు నిమిషాల్లో తేల్చేయాలని జడ్జిగారి ఉద్దేశం.

"ప్రకటన ఎప్పుడు ఆపారండీ?" అని అడిగింది సిస్టరమ్మ కార్యదర్శిని.

"పోయిన నెల మొదటి తారీఖున."

"ఎన్ని నెలలకని వేశారు?"

కార్యదర్శి కాగితాలు తిప్పాడు. ఏజెన్సీ ఆయన వైపు ఒకసారి చూశాడు. "ఆరు నెలల ఒప్పందమండీ."

"ఆరు నెలలూ అయిపోయాకే ఆపారన్న మాట."

"చట్టం ప్రకారం ఆపినట్టే కదండీ," అన్నాడు ఏజెన్సీ ఆయన. "మన అధికారం ఆపమని చెప్పడం దాకానే. ఆగింది. బస్సుల మీద రంగు చెరపకపోతే అది డిపోవాళ్ళ బద్ధకం."

"ఆ రంగు తీయించమని రాద్దాం. సూది మానొద్దని అంతంత పెద్దక్షరాలతోనే ఆ బస్సుల మీద రాయించమందాం."

"అలాంటి అధికారం మనకు లేదు," అన్నారు జడ్జిగారు. గొంతులో కోపం లేదు. అలసట ఉంది. "నాకూ బాధగానే ఉంది. కానీ జరిగిపోయింది. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం, సిస్టరమ్మా?"

"కాలినవి మన చేతులు కావు కదండీ."

జడ్జిగారు గడియారం వైపు చూశారు. ఆమె గడియారం చూడలేదు.

"ఏం చేద్దామంటారు?" అన్నారాయన చివరికి. "మండలి పెట్టినప్పటి నుంచి ప్రతి ఫైలూ ఏకగ్రీవం. ఈ సంవత్సరం నివేదికలో కూడా అదే రాయాలి. అయిదో సంతకం లేకపోతే ఫైలు మూయడం కుదరదు. మూయకపోతే ఆ కండక్టరుకు జవాబు కూడా వెళ్ళదు. అతనికి అది న్యాయమా?"

ఫైలు చేతులు మారుతూ బల్ల చుట్టూ తిరిగింది. నాలుగు సంతకాలు పడ్డాయి. ఆఖరున ఆమె ముందుకు వచ్చింది. 'పరిష్కృతం' అన్న మాట ముందే అచ్చు వేసి ఉంది. దాని కింద గీత, గీత మీద ఆమె పేరు రాయడానికి చోటు.

పెన్ను తీసుకుంది. ఆసుపత్రిలో మరణాల రిజిస్టరు మీద సాక్షిగా ఎన్నోసార్లు సంతకం చేసిన చెయ్యి. నెమ్మదిగా, పెద్దక్షరాలతో, గీత దాటి, కింది ఖాళీ అంతా నింపుతూ రాసింది: 'ఇది తేలలేదు. నేను ఒప్పుకోను.'

కార్యదర్శి వంగి చదివాడు.

"అమ్మా, ఇది సంతకం కాదు."

"కాదు."

"దీనికి మన ఫారంలో గడి లేదండీ."

"అందుకే బయట రాశాను."

జడ్జిగారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. ఏజెన్సీ ఆయన ఫోను తీసి ఎవరికో నెంబరు నొక్కుతూ కిటికీ దగ్గరకు వెళ్ళాడు. కార్యదర్శి ఫైలు తీసుకుని బయట వరండాలోకి నడిచాడు. అక్కడ గోడ వారగా రెండు ఇనప బీరువాలు ఉంటాయి. ఒకదాని మీద 'పరిష్కృతం' అనీ, రెండోదాని మీద 'తిరస్కృతం' అనీ రాసి ఉంటుంది. ఇరవై ఏళ్ళుగా ఏ ఫైలైనా ఈ రెంటిలో ఒకదాంట్లోకే వెళ్ళింది.

తెరిచిన తలుపులోంచి సిస్టరమ్మకు అతని వీపు కనిపిస్తోంది. మొదటి బీరువా తలుపు తీశాడు. మూశాడు. రెండోదాని పిడి మీద చెయ్యి వేసి, అలాగే ఉండిపోయాడు. లోపలి నుంచి జడ్జిగారు తర్వాతి ఫైలు కోసం పిలిచారు. మళ్ళీ పిలిచారు. కార్యదర్శి ఫైలు గుండెలకు ఆనించుకుని బీరువాల మధ్య నిలబడే ఉన్నాడు.